ఎర్రర్ 22: కంప్యూటర్ లేవలేదు, సరే... అసలు పోయిందేంటి?

ఈ రోజు ఎపిసోడ్ నేను చేసిన ఒక తప్పుతో మొదలుపెడతాను. తర్వాత చరిత్రలోకి వెళ్దాం. ఎందుకంటే ఆ తప్పు ఎంత చిన్నదో నాకు అర్థమైంది ఆ చరిత్ర చదివాకే.

2009. ఇంజినీరింగ్ చదువుతున్నాను. తెనాలిలో మా బాబాయికి చిన్న డీటీపీ షాపు ఉండేది. ఒక కంప్యూటర్, ఒక లేజర్ ప్రింటర్, పేజ్‌మేకర్, అను ఫాంట్లు. పెళ్ళి శుభలేఖలు, స్కూళ్ళ ప్రశ్నపత్రాలు, గుడి కరపత్రాలు, అదే ఆయన బతుకుతెరువు. 80 జీబీ హార్డ్ డిస్క్, విండోస్ ఎక్స్‌పీ.

అప్పట్లో ఉబుంటు వాళ్ళు అడ్రస్ పెడితే చాలు, సీడీ ఫ్రీగా పోస్టులో పంపించేవాళ్ళు. ఆ స్కీమ్ పేరు షిప్‌ఇట్, 2011లో ఆపేశారు. ఇప్పుడు వంద జీబీలు ఫోన్లో లాగేసుకునే మీకు ఇది వింతగా ఉంటుంది గానీ, అప్పుడు ఆ కవర్ ఇంటికి వస్తే ఉద్యోగం వచ్చినంత సంబరం. వేసవి సెలవుల్లో ఆ సీడీ పెట్టి బాబాయి కంప్యూటర్లో ఎక్స్‌పీ పక్కన ఉబుంటు 9.04 ఎక్కించాను. ఆయనకి చెప్పే చేశాను, అబద్ధం ఎందుకు. "దీని వల్ల నా పని ఆగదు కదరా?" అన్నాడు. "ఆగదు బాబాయ్" అన్నాను.

దసరా సెలవులకి మళ్ళీ వెళ్తే, డిస్క్‌లో చోటు లేదురా, నీది తీసెయ్ అన్నాడు. అదెంత పని? ఎక్స్‌పీలోకి వెళ్ళి, డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి, లైనక్స్ పార్టిషన్ మీద రైట్ క్లిక్, డిలీట్. కొత్త డ్రైవ్ చేశాను. రీస్టార్ట్ కొట్టాను.

నల్ల స్క్రీన్. గ్రబ్ లోడింగ్ అని ఒక లైను. దాని కింద "ఎర్రర్ 22". అంతే, ఇంకేం లేదు. విండోస్ కూడా రాలేదు.

పెళ్ళిళ్ళ సీజన్ ముందుంది. నాకు చెమటలు పట్టాయి. ఊళ్ళో కంప్యూటర్లు బాగుచేసే ఒకాయన్ని పిలిచాం. ఆయన చూసి "హార్డ్ డిస్క్ కరప్ట్ అయింది, ఫార్మాట్ కొట్టాలి" అన్నాడు. కొట్టాడు. పార్టిషన్లన్నీ తీసేసి మళ్ళీ కొత్తగా చేశాడు. రెండు గంటల్లో కంప్యూటర్ తళతళలాడుతూ లేచింది, ఖాళీగా. శుభలేఖల డిజైన్లు పోయాయి. ప్రశ్నపత్రాలు పోయాయి. వాటితో పాటు ఒక పద్య నాటకం. ఊళ్ళో ఒక పెద్దాయన చేతిరాత నోటుపుస్తకం తెచ్చిస్తే, బాబాయి రాత్రిళ్ళు కూర్చుని 140 పేజీలు టైపు చేశాడు. ఒక్క పైసా తీసుకోకుండా. అదీ పోయింది.

బాబాయి నన్ను ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది.

ఇప్పుడు చరిత్ర. ఆ రోజు నిజంగా పాడైంది ఏంటి అన్నది ఇందులోనే ఉంది.

కంప్యూటర్ ఆన్ చేసినప్పుడు ఒక చిక్కు ఉంటుంది. ప్రోగ్రామ్ నడవాలంటే అది మెమరీలో ఉండాలి. డిస్క్ నుంచి మెమరీలోకి తేవాలంటే ఇంకో ప్రోగ్రామ్ కావాలి. దాన్ని ఎవరు తెస్తారు? తన భుజం మీద తానే ఎక్కి కూర్చోవడం లాంటి పని ఇది. ఇంగ్లీషులో దీన్నే తన బూట్ల పట్టీలు పట్టుకుని తనని తానే పైకి లేపుకోవడంతో పోల్చారు. 'బూట్' అన్న మాట అక్కడి నుంచి వచ్చింది. 1965లో వచ్చిన పీడీపీ-8 లాంటి మెషీన్లలో ఆ మొదటి ప్రోగ్రామ్‌ని మనిషే ఎక్కించేవాడు. ముందు వరస స్విచ్‌లు ఉండేవి. ఒక్కో స్విచ్ పైకీ కిందికీ నొక్కి, ఒక్కో ఆదేశం చొప్పున మెమరీలో పెట్టేవాడు. ఆ చిన్న ప్రోగ్రామ్ కాగితం టేపు మీదున్న పెద్ద ప్రోగ్రామ్‌ని చదివేది.

1981లో ఐబీఎం పీసీ వచ్చింది. స్విచ్‌ల బాధ లేదు, ఆ పని బయోస్ అనే చిప్ చేస్తుంది. కానీ బయోస్‌కి తెలిసింది చాలా తక్కువ. డిస్క్‌లో మొట్టమొదటి 512 బైట్లు చదవడం, చివరి రెండు బైట్లు 55, ఏఏ అని ఉన్నాయా చూడటం, ఉంటే దాన్ని నడిపించి చేతులు దులుపుకోవడం. 1983లో హార్డ్ డిస్క్‌తో పీసీ ఎక్స్‌టీ వచ్చినప్పుడు ఆ 512 బైట్లని ఇలా పంచారు: 446 బైట్లు ప్రోగ్రామ్‌కి, 64 బైట్లు పార్టిషన్ల పట్టికకి, 2 బైట్లు ఆ గుర్తుకి. పేరు మాస్టర్ బూట్ రికార్డ్, ఎంబీఆర్.

446 బైట్లు అంటే ఎంతో తెలుసా? తెలుగులో యూనికోడ్‌లో టైపు చేస్తే ఒక్కో అక్షరం గుర్తుకి 3 బైట్లు పడతాయి. అంటే 150 కూడా పట్టవు. గుణింతాలు, ఒత్తులు విడిగా లెక్కే కాబట్టి మీ వాట్సాప్ స్టేటస్ కూడా అందులో ఇమడదు. అంత ఇరుకు జాగాలో ఫైల్ అంటే ఏంటో, ఫోల్డర్ అంటే ఏంటో తెలిసిన ప్రోగ్రామ్ రాయడం కుదరదు. అందుకే ఆ 446 బైట్ల కుర్రాడు పక్కనున్న ఇంకొంచెం పెద్దవాడిని లేపుతాడు, వాడు ఇంకా పెద్దవాడిని లేపుతాడు. ఇల్లు కట్టేచోట ఇటుకలు చేతులు మారుస్తూ పైకి అందిస్తారు చూడండి, అలా. మధ్యలో ఒక్కడు లేకపోతే ఇటుక అక్కడే ఆగిపోతుంది. అంత మాత్రాన కింద ఇటుకల కుప్ప మాయం అయిపోదు కదా?

మా బాబాయి కంప్యూటర్లో జరిగింది అదే. ఉబుంటు ఎక్కించినప్పుడు ఎంబీఆర్‌లో గ్రబ్ మొదటి ముక్క చేరింది. దాని వెనకే, మొదటి పార్టిషన్ కంటే ముందున్న ఖాళీలో రెండో ముక్క. ఈ రెండోది లైనక్స్ పార్టిషన్లోకి వెళ్ళి మూడో ముక్కని తేవాలి. ఆ పార్టిషన్ని నేను డిలీట్ చేశాను. అది వెళ్ళింది, తలుపు తట్టింది, ఇల్లే లేదు. పాత గ్రబ్ భాషలో ఎర్రర్ 22 అంటే అక్షరాలా "అలాంటి పార్టిషన్ లేదు" అని. హార్డ్ డిస్క్ కరప్ట్ అయిందని ఎక్కడా అనలేదు. ఎక్స్‌పీ దాని చోట అది ఉంది. పద్య నాటకం దాని చోట అది ఉంది. ఎక్స్‌పీ సీడీ పెట్టి రికవరీ కన్సోల్లో 'ఫిక్స్ ఎంబీఆర్' అని కొడితే విండోస్ తన సొంత 446 బైట్లు మళ్ళీ రాసుకునేది. ఐదు నిమిషాల పని.

ఇంకో మాట చెప్పనా? ఉబుంటు సీడీ లైవ్ సీడీ. అంటే డిస్క్‌ని ముట్టుకోకుండా సీడీ నుంచే లేస్తుంది. లేచాక ఫైళ్ళన్నీ పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోవచ్చు. ఆ సీడీ ఆ రోజంతా నా బ్యాగులోనే ఉంది.

సరే, ముందుకు వెళ్దాం. ఈ తిప్పలు మనకొక్కరికే కాదు. అసలు లైనక్స్ పుట్టిన ఏడాదే, దాన్ని పుట్టించిన మనిషికే తగిలాయి. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ 21 ఏళ్ళ హెల్సింకీ యూనివర్సిటీ స్టూడెంట్. తన కంప్యూటర్లో మినిక్స్ అనే సిస్టమ్ వాడుతూ, దాని మీదే లైనక్స్ రాస్తున్నాడు. ఆ ఏడాది చివర్లో ఒకరోజు మోడెమ్ ద్వారా యూనివర్సిటీకి డయల్ చేయబోయి, మోడెమ్ పేరు బదులు పొరపాటున హార్డ్ డిస్క్ పేరు కొట్టాడు. డయల్ చేయమనే ఆదేశాలు ఫోన్ లైన్లోకి పోకుండా మినిక్స్ ఉన్న పార్టిషన్ మీద పడ్డాయి. మినిక్స్ పోయింది. మళ్ళీ ఎక్కించుకోవచ్చు. కానీ ఆయన ఆలోచించి, ఇక లైనక్స్ తన కాళ్ళ మీద తను నిలబడగలదు, మినిక్స్ అక్కర్లేదు అని నిర్ణయించుకున్నాడు. ఈ సంగతి తన ఆత్మకథలో ఆయనే చెప్పుకున్నాడు. మనం ఆ పని చేస్తే ఇంట్లో తిట్లు పడతాయి, అది వేరే విషయం.

ఆ తొలి రోజుల్లో లైనక్స్ ఫ్లాపీ నుంచి లేచేది. హార్డ్ డిస్క్ నుంచి తేలిగ్గా లేపడానికి 1992లో వెర్నర్ ఆల్మెస్‌బెర్గర్ ఒక బూట్‌లోడర్ రాశాడు. పేరు లిలో. నాకు ఈ లిలో అంటే ప్రత్యేకమైన ఇష్టం, కారణం చెప్తాను.

లిలో లేచేటప్పుడు తన పేరులోని నాలుగు అక్షరాలు, ఎల్-ఐ-ఎల్-ఓ, ఒక్కొక్కటిగా స్క్రీన్ మీద రాస్తుంది. స్టైల్ కోసం కాదు. మొదటి ముక్క లేస్తే 'ఎల్'. అది రెండో ముక్కని మెమరీలోకి తేగలిగితే 'ఐ'. ఆ రెండో ముక్క నడవడం మొదలుపెడితే ఇంకో 'ఎల్'. దానికి కావాల్సిన పట్టిక దొరికితే 'ఓ'. అన్నీ సవ్యంగా ఉంటే పేరు పూర్తవుతుంది. స్క్రీన్ మీద 'ఎల్ఐ' దగ్గర ఆగిపోయిందంటే? రెండో ముక్క వచ్చింది కానీ నడవలేదు. 'ఎల్ఐఎల్' దగ్గర ఆగితే పట్టిక చదవలేకపోయింది. ఉత్త 'ఎల్' పక్కన అంకెలు వస్తుంటే డిస్క్ చదవడంలోనే తేడా. ఎర్రర్ మెసేజ్ రాయడానికి చోటు లేని ఇరుకులో, తన పేరునే థర్మామీటర్ చేసుకుంది ఆ ప్రోగ్రామ్. నాకు తెలిసి దీనికంటే తక్కువ మాటల్లో నిజం చెప్పిన సాఫ్ట్‌వేర్ ఇంకోటి లేదు.

లిలోకి ఒక బలహీనత ఉంది. దానికి ఫైల్ పేర్లు తెలియవు. కెర్నల్ ఫైల్ డిస్క్‌లో ఏ గడిలో ఉందో నంబర్లు రాసి పెట్టుకునేది. కెర్నల్ మార్చాక లిలో కమాండ్ మళ్ళీ నడపడం మర్చిపోయారా, పాత నంబర్లు పట్టుకుని వెళ్ళి బోల్తా పడేది. దీనికి తోడు బయోస్‌లో ఇంకో మెలిక. డిస్క్‌లో సిలిండర్ నంబర్ రాయడానికి బయోస్ ఇచ్చింది 10 బిట్లే. 10 బిట్లలో పట్టేవి 1024. అంటే 1024 సిలిండర్ల అవతల ఏముందో పాత బయోస్‌కి కనపడదు. మొదట్లో అది 504 ఎంబీ దగ్గర తగిలేది, తర్వాత సర్దుబాట్లు చేస్తే 8 జీబీ దగ్గర. దీని వల్ల వచ్చే తంటా చూడండి: సిస్టమ్ ఆరు నెలలు బ్రహ్మాండంగా నడుస్తుంది. ఒకరోజు కొత్త కెర్నల్ వేస్తారు. ఆ ఫైల్ పోయి గీత అవతల కూర్చుంటుంది. రీస్టార్ట్ చేస్తే లేవదు. "నేనేం చేయలేదండీ, ఉత్త అప్‌డేట్ చేశాను" అంటారు. నిజమే చెప్తున్నారు కూడా! అందుకే అప్పటి వాళ్ళు డిస్క్ మొదట్లోనే ఒక చిన్న బూట్ పార్టిషన్ విడిగా చేసి కెర్నల్‌ని అందులో పెట్టేవాళ్ళు. ఈ చిన్న బూట్ పార్టిషన్ గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్ళీ కావాలి.

ఈ నంబర్ల గోల లేకుండా, ఫైల్ పేరు చెప్తే వెతికి తెచ్చేది గ్రబ్. 1995లో ఎరిక్ బోలిన్ మొదలుపెట్టాడు, అదీ లైనక్స్ కోసం కాదు, గ్నూ హర్డ్ అనే ఇంకో సిస్టమ్ కోసం. 1999లో అది గ్నూ ప్యాకేజీ అయింది. 2009 అక్టోబరులో వచ్చిన ఉబుంటు 9.10 నుంచి గ్రబ్ 2. ఇందులో ఎర్రర్ 22 లాంటి అంకెలు పోయి మాటలు వచ్చాయి. "నో సచ్ పార్టిషన్", కింద "గ్రబ్ రెస్క్యూ" అని ఒక ప్రాంప్ట్. చాలామంది దాన్ని చావు కబురులా చూస్తారు. అది నిజానికి "నేను ఇక్కడిదాకా వచ్చాను, దారి చెప్పు" అని అడుగుతోంది. 'ఎల్ఎస్' అని కొడితే తనకి కనపడుతున్న డిస్క్‌లు, పార్టిషన్లు చూపిస్తుంది. అందులో మీ డిస్క్ పేరు కనపడితే సగం భయం అక్కడే పోవాలి.

తర్వాత బయోస్ కాలం కూడా అయిపోయింది. ఎంబీఆర్ పట్టికలో 2 టీబీ దాటిన డిస్క్‌ని రాయడానికి అంకెలు చాలవు. ఇంటెల్ తన ఇటానియం సర్వర్ల కోసం మొదలుపెట్టిన ఈఎఫ్ఐని 2005 నుంచి యూఈఎఫ్ఐ ఫోరమ్ చూసుకుంటోంది. 446 బైట్ల ఇరుకు పోయింది, బూట్‌లోడర్ కోసం ఏకంగా ఒక పార్టిషన్. మదర్‌బోర్డు చిప్‌లో ఎవరెవరిని లేపాలో ఒక లిస్టు ఉంటుంది. అక్కడే కొత్త రకం తలనొప్పి. ఫర్మ్‌వేర్ అప్‌డేట్ అయితే ఒక్కోసారి ఆ లిస్టులోంచి లైనక్స్ పేరు ఎగిరిపోతుంది. రేషన్ కార్డులో పేరు కొట్టేసినట్టు. మనిషి ఇంట్లోనే ఉన్నాడు, లిస్టులో లేడు. లైవ్ యూఎస్‌బీ నుంచి లేచి 'ఈఎఫ్ఐ బూట్ మేనేజర్' కమాండ్‌తో మళ్ళీ పేరు చేర్చుకోవచ్చు. 2013 మొదట్లో మాత్రం కొన్ని శామ్‌సంగ్ ల్యాప్‌టాప్‌లలో యూఈఎఫ్ఐ మోడ్‌లో లైనక్స్ నడిపితే ఏకంగా మదర్‌బోర్డే చచ్చిపోయిన కేసులు బయటపడ్డాయి. ఆ చిప్‌లో చోటు నిండితే ఫర్మ్‌వేర్ తట్టుకోలేకపోయింది. అలాంటి ఘోరంలో కూడా డిస్క్‌లో ఫైళ్ళు చెక్కుచెదరలేదు.

2012లో విండోస్ 8తో పాటు సెక్యూర్ బూట్ వచ్చింది. సంతకం ఉన్న బూట్‌లోడర్‌నే లేపుతాను అనే నియమం. మాథ్యూ గారెట్ 'షిమ్' అనే చిన్న ప్రోగ్రామ్ రాశాడు. మైక్రోసాఫ్ట్ దానికి సంతకం పెడుతుంది, అది గ్రబ్‌కి హామీ ఉంటుంది. 2020 జులైలో గ్రబ్‌లో 'బూట్‌హోల్' అనే లోపం దొరికింది. ప్యాచ్ వేశారు. ఆ ప్యాచ్ వేసుకున్న రెడ్‌హ్యాట్, సెంట్‌ఓఎస్ సర్వర్లు కొన్ని మళ్ళీ లేవలేదు! 2024 ఆగస్టులో ఒక విండోస్ అప్‌డేట్ పాత షిమ్‌లని నిషేధిస్తే, రెండు సిస్టమ్‌లూ పెట్టుకున్న చాలామందికి "ఏదో ఘోరం జరిగిపోయింది" అనే అర్థం వచ్చే ఎర్రర్ కనపడింది. ఘోరం ఏమీ లేదు. సెక్యూర్ బూట్ ఆపితే లైనక్స్ లేచింది.

ఇదంతా ల్యాప్‌టాప్ గొడవ, మనకెందుకు అనుకోకండి. మీ చేతిలో ఆండ్రాయిడ్ ఉంటే దాని లోపల ఉన్నది లైనక్స్ కెర్నలే. 2020లో ఒక సరస్సు ఫోటోని వాల్‌పేపర్‌గా పెట్టుకుంటే కొన్ని ఆండ్రాయిడ్ 10 ఫోన్లు లేచి పడి, లేచి పడి తిరిగాయి. ఫోటోలో రంగుల లెక్క 255 దాటకూడదు, దాటింది, అంతే. కొందరు ఫ్యాక్టరీ రీసెట్ కొట్టుకున్నారు. వాల్‌పేపర్ కోసం ఫోన్ మొత్తం! మా బాబాయి కంప్యూటర్ గుర్తొచ్చింది నాకు.

ఒక్క హెచ్చరిక. బయోస్‌లోనే డిస్క్ పేరు కనపడకపోయినా, లోపల్నుంచి టక్ టక్ మని శబ్దం వస్తున్నా, అది వేరే జబ్బు. వెంటనే ఆపేయండి, ఏదీ ప్రయత్నించకండి. మిగతా అన్నిట్లో ముందు లైవ్ యూఎస్‌బీ, ముందు కాపీ, ఆ తర్వాతే రిపేరు.

పోయినేడు మా చెల్లి, అదే బాబాయి కూతురు, హైదరాబాద్ హాస్టల్ నుంచి రాత్రి పదకొండింటికి వాట్సాప్‌లో ఫోటో పెట్టింది. ఎంటెక్ ప్రాజెక్టు మొత్తం ఆ ల్యాప్‌టాప్‌లో ఉంది. "కెర్నల్ ప్యానిక్" అని, రూట్ ఫైల్‌సిస్టమ్ మౌంట్ చేయలేకపోతున్నాను అని, చివర బ్రాకెట్లలో రెండు సున్నాలు. "అన్నయ్యా, నాలుగు రోజుల్లో సబ్మిషన్. పక్క రూమ్ అమ్మాయి రీఇన్‌స్టాల్ చేద్దాం అంటోంది" అని వాయిస్ మెసేజ్. గొంతు వణుకుతోంది. పైగా డిస్క్ ఎన్‌క్రిప్ట్ చేసి ఉంది, రీఇన్‌స్టాల్ కొడితే ఇక బ్రహ్మదేవుడు కూడా తేలేడు.

ఫోన్ చేశాను. మెషీన్ ఎక్కడిదాకా వచ్చిందో చూడు అన్నాను. గ్రబ్ వచ్చింది. కెర్నల్ కూడా లేచింది. డిస్క్‌ని తెరవడానికి దానికి సాయం చేసే ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్ అనే మూట అందలేదు. అంటే గొలుసులో చివర్లో ఒక్క చెయ్యి తప్పింది. గ్రబ్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌కి వెళ్ళి పాత కెర్నల్ ఎంచుకోమన్నాను. లేచింది. పాస్‌వర్డ్ అడిగింది. అవతల నుంచి ఏడుపూ నవ్వూ కలిసిన ఒక శబ్దం.

డిస్క్‌లో చోటెంతుందో చూడమంటే, బూట్ పార్టిషన్ 100 శాతం నిండిపోయి ఉంది. ఇందాక గుర్తుపెట్టుకోమన్నానే, ఆ చిన్న పార్టిషనే. 1024 సిలిండర్ల గొడవ ఎప్పుడో పోయింది, ఎన్‌క్రిప్షన్ పుణ్యమా అని ఆ చిన్న గది మళ్ళీ వచ్చింది. పాత కెర్నళ్ళు పేరుకుపోయి, కొత్తదాని మూట కట్టడానికి చోటు లేకుండా చేశాయి. ముందు ప్రాజెక్ట్ ఫోల్డర్ పెన్‌డ్రైవ్‌లోకి. తర్వాత వాడని పాత కెర్నళ్ళు తీసేసి, మూట మళ్ళీ కట్టించాం. నలభై నిమిషాలు పట్టింది, అందులో ఇరవై ఆ పెన్‌డ్రైవ్ వెతకడానికి.

అన్నట్టు, ఇప్పుడు కెర్నల్ ప్యానిక్ అయితే స్క్రీన్ మీద క్యూఆర్ కోడ్ చూపించే ఏర్పాటు కూడా వచ్చింది, 2024 నవంబరులో వచ్చిన లైనక్స్ 6.12 నుంచి. ఫోన్‌తో స్కాన్ చేస్తే అది ఎక్కడ ఆగిందో ఆ లైన్లన్నీ మీ ఫోన్లోకి వస్తాయి. లిలో నాలుగు అక్షరాల నుంచి ఇక్కడిదాకా వచ్చాం.

మర్నాడు పొద్దున్నే బాబాయి ఫోన్ చేశాడు. ఆ పద్య నాటకం ఆయన 2010లో మళ్ళీ మొదటి పేజీ నుంచి టైపు చేశాడు, నోటుపుస్తకం మళ్ళీ అడిగి తెచ్చుకుని. ఇప్పుడు నాలుగు సీడీలు, రెండు పెన్‌డ్రైవ్‌లలో ఉంది. కుశల ప్రశ్నలు కూడా లేవు, ఎత్తగానే ఒకటే అడిగాడు.

"దాని కంప్యూటర్‌కి ఫార్మాట్ కొట్టమనలేదు కదరా?"

"లేదు బాబాయ్" అన్నాను.